ఇంద్రుడు లింగం మారుస్తాడు, కులం మార్చడు

మహాభారతం అనుశాసన పర్వంలో భంగాస్వనుడనే రాజు కథ ఉంది. ఇంద్రుడికి గిట్టని యజ్ఞం చేశాడని ఇంద్రుడు పగబట్టాడు. వేటకు పోయి దారి తప్పిన రాజు ఒక చెరువులో మునిగి ఆడమనిషిగా లేచాడు. అప్పటికే వందమంది కొడుకులున్నారు. రాజ్యం వాళ్ళకప్పగించి అడవికి పోయి, అక్కడొక మునితో ఇంకో వందమందిని కన్నది. ఇంద్రుడు రెండు జట్లకూ తగవు పెట్టి చంపించాడు. ఆమె కాళ్ళ మీద పడితే కరిగి మళ్ళీ బతికించాడు. నిన్ను మళ్ళీ మగవాణ్ణి చేస్తానన్నాడు. ఆమె వద్దన్నది. కలయికలో సుఖం ఆడదానికే ఎక్కువ, నేను ఇట్లనే ఉంటానన్నది. ఇంద్రుడు సరేనన్నాడు.

అదే పర్వంలో మతంగుడి కథ కూడా ఉంది. బ్రాహ్మణుడి కొడుకుగా పెరిగినవాడు. ఒకరోజు గాడిదపిల్లను ముల్లుగర్రతో పొడుస్తుంటే తల్లి గాడిద అతని పుట్టుక బయటపెడుతుంది: తండ్రి మంగలి, కాబట్టి ఇతను చండాలుడు. బ్రాహ్మణ్యం కావాలని మతంగుడు వందల ఏళ్ళు తపస్సు చేశాడు, చర్మం ఎముకలకు అంటుకునేదాకా. వచ్చిన ప్రతిసారీ ఇంద్రుడు అది తప్ప ఇంకేదైనా అడుగు అన్నాడు. చివరికి దక్కింది కోరిన రూపం ధరించే శక్తి, ఆడవాళ్ళ పూజలు. ఏ రూపమైనా ధరించవచ్చు. బ్రాహ్మణుడు మాత్రం కాలేడు.

దేవుడూ అతనే, పర్వమూ అదే. ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చదివాక, క్వీర్ ఫాంటసీ మీద మన సాహిత్య సభల్లో వినబడే మాటల్లో సగం నాకు ఎక్కడం మానేశాయి.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌ను కత్తిరించినప్పటి నుంచి ఒక పాట మొదలైంది: ఇదంతా మన సంస్కృతిలో ఎప్పటినుంచో ఉంది, మోహిని లేదా, శిఖండి లేడా, అర్ధనారీశ్వరుడు లేడా అని. ఉన్నారు. కాకినాడ దగ్గర సర్పవరంలో నారదుడు గుండంలో మునిగి స్త్రీ అయి అరవైమందిని కన్నాడట, ఆ పిల్లల పేర్లే ప్రభవ, విభవ మొదలైన మన అరవై ఏళ్ళట. అంటే ప్రతి ఉగాదికీ పంచాంగ శ్రవణంలో ఆడమనిషైన ఒక మగవాడి బిడ్డ పేరు మైకులో వినబడుతోంది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో ఆలుమగలు లింగాలు మార్చుకుని మరీ బిడ్డను కంటారు. ఎందుకు ఇబ్బంది లేదో చూడండి. నారదుడు ఇంకో గుండంలో మునిగి మళ్ళీ నారదుడయ్యాడు. కళాపూర్ణుడు రాజయ్యాడు. శరీరం కొన్నాళ్ళు అటూ ఇటూ అయినా వంశం చెదరలేదు, వర్ణం అసలే చెదరలేదు.

గుడిలో ఇంత ఉదారంగా ఉన్నవాళ్ళు బజార్లో ఎట్లున్నారో కూడా చెప్పుకోవాలి. మన వికారాబాద్, తాండూరు కూడా ఉండిన నిజాం రాజ్యంలో ఫసలీ 1329లో హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వాళ్ళ పేర్లకు రిజిస్టరు. చీర కట్టినా, నగ పెట్టినా, వీధిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు, రెండేళ్ళ దాకా జైలు. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది, చట్టం పుస్తకంలో అట్లనే ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కితే 2023 జులైలో మన హైకోర్టు కొట్టేసింది. ప్రతి ఉగాదికీ నారదుడి బిడ్డల పేర్లు చదివిన పంతుళ్ళలో ఒక్కరు ఆ కేసులో ఇంప్లీడ్ అయినట్టు నేను వినలేదు.

ఇక అసలు తగువుకొస్తా. క్వీర్ ఊహాకథల్లో సెక్స్ ఎందుకు, ప్రేమ చాలదా అని అడిగేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. ఒకరు హుందాతనం కోసం అడుగుతారు. రెండోవారు మనవాళ్ళే. ఇది పడగ్గది గొడవ, పోరాటం ఎక్కడుందని అడుగుతారు. ఇద్దరికీ నా జవాబు అంబేడ్కర్ 1916లో ఇచ్చినదే. కొలంబియాలో చదివిన పత్రంలో, కులానికి సారం లోపలి పెళ్ళి అన్నాడు. గుంపులో మిగిలిపోయిన మగవాణ్ణీ, మిగిలిపోయిన ఆడదాన్నీ ఏం చెయ్యాలన్న లెక్కలోంచే సతీ, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం పుట్టాయన్నాడు. అంటే కులమనేది మొదటినుంచీ ఎవరు ఎవరి పక్కలో పడుకోవచ్చన్న నిబంధన. ఆ లెక్కలో ఏ గడిలోనూ పట్టనివాళ్ళు మన క్వీర్ పిల్లలు. మాదిగవాడలో పుట్టిన ట్రాన్స్ పిల్లకు ఆ లెక్క రెండుసార్లు తప్పుతుంది. అట్లాంటప్పుడు ఊహాలోకం కట్టే రచయిత ఆకాశం రంగు మార్చి, ఇద్దరు చంద్రుల్ని పెట్టి, మనుషుల లింగాలు మార్చి, ఎవరు ఎవర్ని ముట్టుకోవచ్చన్న ఒక్క సంగతి దగ్గర కళ్ళు మూసుకుంటే కట్టింది కొత్త లోకం ఎట్లవుతుంది?

ఒక ఉదాహరణ చెప్తా. ఒక కాలేజీ పత్రికకు ఒక విద్యార్థి కథ ఇచ్చాడు. తాండూరు బండల గని. కొత్తగా తీసిన పొర మీద నిద్రపోయినవాడు పొద్దున ఇంకో శరీరంతో లేస్తాడు, పొరకో శరీరం. మాదిగవాడ కుర్రవాడొకడు ఇట్లా ఎన్ని శరీరాలు మారినా తోటి కూలీ అయిన ఊళ్ళో కుర్రవాడి ఇంట్లో అతనికి వేరే గ్లాసు అట్లనే ఉంటుంది. ఒక రాత్రి ఇద్దరూ గనిలో కలిసి పడుకుంటారు. తెల్లారి ఊళ్ళోవాడు తన గ్లాసులో నీళ్ళు తాగి, అదే గ్లాసు ఇతనికిస్తాడు. సంపాదక కమిటీకి కథ నచ్చింది. దెయ్యపు బండ ఉండొచ్చు, లింగం మారొచ్చు. రెండు మార్పులే అడిగారు: ఆ రాత్రి తీసెయ్యాలి, 'మాదిగవాడ' బదులు 'ఊరి చివర' అని పెట్టాలి.

రాత్రి పోయాక పొద్దున గ్లాసు ఏమైందో చూడండి. దయ అయింది. ఊళ్ళోవాడు మంచివాడు కాబట్టి నీళ్ళిచ్చాడు. విద్యార్థి రాసింది అది కాదు. ఒళ్ళంతా ముట్టుకున్న తర్వాత గ్లాసు వేరుగా ఉంచడం ఊళ్ళోవాడికి చేతకాలేదు, అదీ కథ. రెండు కత్తెరలూ ఒకే నరం మీద పడ్డాయి.

సెక్స్ పెడితే క్వీర్ మనుషుల్ని సెక్స్‌కే కుదిస్తున్నట్టు కాదా అని ఒక మిత్రురాలి అభ్యంతరం. న్యాయమైన భయమే. సినిమాలు వాళ్ళతో చేసిన వెకిలితనం మనం చూడందా? ప్రతి కథలో పడక సీను ఉండాలని నేననడం లేదు. కోరిక లేని పాత్ర కూడా తన శరీరం గురించి తనే ఒక మాట చెబుతుంది. అది వేరు, బయటివాడు కత్తిరించడం వేరు. నేనడిగేది ఆ ఇద్దరి షరతులు. ఎవరింటికి ఎవరు వెళ్తారు, ఎవరు తెల్లారకముందే లేచి పోవాలి, అద్దె ఎవరు కడతారు, ఒకరి పళ్ళెంలో ఇంకొకరు తింటారా.

పెద్దవాళ్ళూ ఇక్కడ తడబడ్డారు. ఉర్సులా లె గ్విన్ 1969 నవల 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'లో మనుషులకు స్థిరమైన లింగమే లేదు. మంచు ఎడారి దాటుతూ ఒకే గుడారంలో ఉన్న ఇద్దరి మధ్య కోరిక పుడుతుంది, ముట్టుకోకుండా ఆగిపోతారు. ఆ లోకపు మనుషుల్ని అనవసరంగా ఆడామగా జంటల్లోనే బంధించానని ఆమే తర్వాత ఒప్పుకుంది. నల్లజాతి రచయితలు అట్లా ఆగలేదు. శామ్యూల్ డిలేనీ 1967 కథ 'అయ్ అండ్ గొమొర్రా'లో అంతరిక్షంలో పనిచెయ్యడానికి పిల్లల లింగాన్నే తీసేస్తారు. భూమ్మీద వాళ్ళను కోరుకుని డబ్బిచ్చే జనం తయారవుతారు. పని కోసం కోసిన శరీరం కోరిక బజార్లో సరుకైన తీరు చెప్పడానికి అతనికి సెక్స్ తప్ప దారి లేదు. ఆక్టేవియా బట్లర్ 1984 కథ 'బ్లడ్‌చైల్డ్'లో పరాయి గ్రహం మీద తలదాచుకున్న మనుషులు, అక్కడి జీవుల గుడ్లను తమ కడుపులో మోస్తారు. మోసేది మగపిల్లవాడు. ఇది బానిసత్వం కథ కాదు, ప్రేమ కథ, ఉన్నచోటికి అద్దె కట్టే కథ అని బట్లర్ వాదించింది. జీతగాళ్ళున్న ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ రెండూ ఒకే కథలో ఎట్లా ఉంటాయో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

మనకు అట్లాంటి ముడిసరుకు లేదా? దేవతతో పెళ్ళి అనే ఫాంటసీని మన పాలమూరు పల్లెల్లో, కర్ణాటక సరిహద్దులో నిజంగా అమలుచేశారు. ఆ కల్పనలో తాళి దేవత పేరుతో, పక్క దొర పేరుతో. జోగినులైంది ఎక్కువగా మన మాల మాదిగ ఆడపిల్లలు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం కావాల్సి వచ్చింది. సరిహద్దుకు అటూ ఇటూ ఎల్లమ్మకు అంకితమైన జోగప్పలున్నారు. దేవత పూనినంతసేపు దండం పెడతారు, ఇల్లు అద్దెకడిగితే తలుపు మూస్తారు. వాస్తవం వైపు నుంచి కొంత వచ్చింది. రేవతి ఆత్మకథ పి. సత్యవతి తెలుగులో 'ఒక హిజ్రా ఆత్మకథ'గా వచ్చింది, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. అందులో కోరికా ఉంది, దెబ్బలూ ఉన్నాయి, పొట్టకూటి కోసం ఒళ్ళమ్ముకోవడమూ ఉంది. ఊహ వైపు నుంచి ఇంకా అర్ధనారీశ్వరుడి దగ్గరే ఉన్నాం.

ఇది పడగ్గది గొడవ అనే మా ఉద్యమ పెద్దలకు రెండు తేదీలు. 377 తీర్పు 2018 సెప్టెంబర్ 6. ఎనిమిది రోజులకు, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కన నడుస్తున్న దళిత యువకుణ్ణి నరికించారు. 2022 మేలో సరూర్‌నగర్ రోడ్డు మీద, వేరే మతం అమ్మాయిని పెళ్ళాడాడని చంపిన దళిత యువకుడిది మన జిల్లా మర్పల్లి. అన్నా, ఆ రెండు చోట్లా గొడవ పొలం గట్టు గురించి కాదు కదా. కులాంతర వివాహమే అసలు మందని 'కులనిర్మూలన'లో బాబాసాహెబ్ రాసి తొంభై ఏళ్ళయింది. ఆ మందు పనిచేసే చోటు పడగ్గదే. అక్కడికి రావడానికి మొహమాటమైతే ఎట్లా?

ఆ విద్యార్థి కథ వెనక్కి తీసుకున్నాడు. రాత్రితోనూ, వాడ పేరుతోనూ ఉన్న ప్రతిని జిరాక్సు తీసి హాస్టళ్ళలో పంచుతున్నాడు. కావాల్సినవాళ్ళు నన్నడగండి. వచ్చే భాగంలో 'బ్లడ్‌చైల్డ్'ను జీతగాడి వైపు నుంచి చదువుదాం.

జై భీమ్.