నాలుగెకరాలు ఉంటేనే ఆటా?

గొంగడి త్రిష పేరు చెప్పుకొని భద్రాచలం చంకలు గుద్దుకుంటోంది. గుద్దుకోవాల్సిందే. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులు చేసి చివరిదాకా నిలబడ్డ పిల్ల. టోర్నీ మొత్తం మీద 309 పరుగులు. స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110. నాకు ఒళ్లు మండింది ఆ పిల్లను చూసి కాదు, ఈ వారం సెంటర్లో వెలసిన ఒక వేసవి కోచింగ్ ఫ్లెక్సీని చూసి. అయిదేళ్లు నిండకముందే ఆట తేల్చుకోవాలట. అది కూడా ఒకే ఒక్క ఆట. ఫీజు మాత్రం ముందే కట్టాలి.

త్రిష ఇక్కడే పుట్టింది, నిజమే. తండ్రి కుర్రతనంలో హాకీ ఆడారు, తర్వాత ఐటీసీలో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా చేశారు. ఊహ తెలియని వయసులోనే కూతురి చేతికి బ్యాటిచ్చారు. ఏడేళ్లు వచ్చేసరికి సంసారాన్ని సికింద్రాబాద్‌కు మార్చారు. జిమ్ అమ్మారు, నాలుగెకరాల పొలం అమ్మారు. పత్రికలు దీన్ని త్యాగమని రాశాయి. ఆయన చేసింది ముందుచూపున్న మనిషి లెక్క: ఇక్కడే ఉంటే పిల్ల క్రికెటర్ కాదు. ఊరి ఘనత అని మనం మురిసిపోతున్నదంతా ఊరు వదిలాక వచ్చిందే.

మరి చర్లలోనో దుమ్ముగూడెంలోనో ఉండే కోయ తండ్రి ఏం అమ్మాలి? ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు అమ్మకూడదని 1/70 చట్టం చెబుతోంది. నా మాటా అదే, అమ్మకూడదు. పోడు పట్టా అయితే వారసులకు దక్కుతుందే గానీ చేతులు మారదు. పొలం అమ్మి ఆడించడమే దారైతే సగం ఏజెన్సీకి ఆ దారి పుట్టుకతోనే మూసుకుపోయింది.

ఇక ఒకే ఆట అనే పిచ్చి. అమెరికాలో జిమ్ బ్రౌన్ అని ఒకాయన ఉండేవాడు. వాళ్ల ఫుట్‌బాల్‌లో ఆయనంతటివాడు లేడని ఇప్పటికీ అంటారు. 1936లో జార్జియా తీరంలోని చిన్న దీవిలో పుట్టిన నల్లజాతి పిల్లాడు. తల్లి లాంగ్ ఐలాండ్‌లో ఇళ్లల్లో పని చేసుకునేది. ఎనిమిదేళ్లప్పుడు ఆమె దగ్గరికి చేరాడు. మాన్‌హాసెట్ బడిలో ఫుట్‌బాల్, లాక్రాస్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, పరుగు అన్నీ ఆడాడు. కర్ర చివర వలబుట్టతో బంతిని పట్టి విసిరే లాక్రాస్ అక్కడి ఆదివాసుల ఆట. అందులోనూ ఆయన మేటే. సిరక్యూస్ యూనివర్సిటీ మొదట స్కాలర్‌షిప్ ఇవ్వకపోతే, కెన్ మల్లోయ్ అనే లాయరు ఊళ్లో చందాలెత్తి చదివించాడు. అమ్మడానికి ఆ తల్లికి సెంటు భూమి లేదు. బడి ఉంది, ఊరుంది. (మన కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్, 1936లో టెస్టు క్రికెట్ ఆడారు నిజమే. కానీ ఆయన మద్రాసు బుచ్చిబాబు నాయుడి కొడుకు. ఆటకు కొదవలేని ఇల్లు.)

బడి చేయగలదని మన జిల్లాయే ఒకసారి చూపించింది. చర్ల మండలం కుర్రాడు ఆనంద్‌కుమార్, నిజామాబాద్ వైపు నుంచి మాలావత్ పూర్ణ, ఇద్దరూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. సంక్షేమ గురుకులం భువనగిరి గుట్ట మీద తాళ్లు కట్టి నేర్పితే ఎక్కారు.

ఇక్కడి గూడేల్లో సాయంత్రం చూడండి. రెండు గడలకు వల కట్టి, ఉత్తకాళ్లతో వాలీబాల్ ఆడుతుంటారు కుర్రాళ్లు. పోలీసులు కిట్లు పంచుతారు, టోర్నమెంటు పెడతారు, ఫొటో దిగుతారు. అంతెత్తు ఎగిరేవాడు హైజంప్‌కు పనికొస్తాడేమోనని చూసే పీఈటీ ఏడీ? ఆశ్రమ పాఠశాలలో పీఈటీ ఉన్నా మెస్సు రిజిస్టరు దగ్గరో, రాత్రి స్టడీ అవర్ దగ్గరో కనిపిస్తాడు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్టు, లాక్రాసూ రెండూ ఉన్నాయి. మొదటిదానికి మన దగ్గర ఫ్లెక్సీలున్నాయి. రెండోదాని కర్ర ఎలా ఉంటుందో చూసిన పీఈటీ ఈ డివిజన్లో ఉంటే నాకు చూపించండి.

గ్రౌండ్ కావాలంటే స్థలం లేదంటారు. ఎందుకుంటుంది? 2014లో చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రకు పోయాక భద్రాచలానికి చెత్త పోసుకునే జాగా కూడా కరువైంది. రామయ్య పొలాలున్న పురుషోత్తపట్నం పక్క రాష్ట్రంలో ఉంది. ఎటపాక, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు కూడా అంతే. ఆ అయిదు పంచాయతీలు తెస్తామని రెండు ప్రభుత్వాలు చెప్పాయి. ఈసారి ఓటుకొచ్చేవాళ్లు మళ్లీ ఆ మాటే ఎత్తితే, పిల్లల గ్రౌండ్ ఏ సర్వే నంబర్లో ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.