రాత్రి పూట కూడా బ్రష్ పట్టాలి

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు పెద్దలు. మంచిగా మాట్లాడమని దాని భావం. నేను మాత్రం ఈ వార్షికోత్సవ సంచికలో నిజంగా నోటి గురించే రాయదలచుకున్నాను. చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. పళ్ళ గురించి ఎవరూ రాయరు. కానీ పదో తరగతిలో నన్ను దెబ్బ తీసింది ఒక పన్ను.

మాది కొల్లేటి లంక గ్రామం. ఇంటి దగ్గర వేపపుల్లో, కచ్చికల బొగ్గో, ఏదీ దొరక్కపోతే ఉప్పో. పొద్దున్నే ఒకసారి తోమితే ఆ రోజుకి పని అయిపోయినట్టే. హాస్టల్లో చేరాకా అంతే. తెల్లవారుజామున కుళాయి దగ్గర బకెట్ల వరస, పక్కవాడిని అడిగి తీసుకున్న పేస్టు, పది సెకన్లలో పుక్కిలించి పరుగు.

తొమ్మిదో తరగతిలో కింది దవడ పన్ను మీద నల్ల చుక్క కనబడింది. చల్లనీళ్ళు తాగితే జివ్వుమనేది. సెలవులకి వెళ్ళినప్పుడు చెబితే అమ్మ "పురుగు పట్టిందిలే నాయనా, లవంగం పెట్టుకో" అంది. అమ్మ తప్పేం లేదు, ఆవిడకి తెలిసిన వైద్యం అదే. ఏడాదిలో ఆ చుక్క గుంటయింది. పబ్లిక్ పరీక్షల్లో లెక్కల పేపరు ముందు రాత్రి దవడ వాచిపోయింది. అందరూ చదువుకుంటుంటే నేను తువ్వాలు చెంపకి కట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. తెలిసిన లెక్కలే మర్నాడు సగం వదిలేశాను. చివరికి ఆ పన్ను పీకించుకోవలసి వచ్చింది. అది ఆరేళ్ళ వయసులో వచ్చే పెద్ద దవడ పన్ను. పాలపన్ను కాదు, ఊడితే మళ్ళీ రాదు. ఆ సంగతి నాకు పీకించుకున్నాక తెలిసింది!

తమ్ముళ్ళూ, పన్నులో పురుగు ఉండదు. పళ్ళ మీద పేరుకునే పాచిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న తీపిని, పిండి పదార్థాన్ని అవి ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర ఎనామిల్‌ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఒకసారి గుంట పడ్డాక ఎనామిల్ మళ్ళీ పెరగదు. తోమకుండా వదిలేసిన పాచి గట్టిపడి గార అవుతుంది. చిగుళ్ళ వెంట రక్తం రావడం, నోరు వాసన రావడం అక్కడే మొదలు.

పగలంతా నోట్లో ఊరే లాలాజలం ఆమ్లాన్ని కడిగేస్తూ ఉంటుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. రాత్రి తిన్న అన్నం మెతుకు, పంటికంటిన బెల్లం ముక్క తెల్లవార్లూ అక్కడే ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే రోజుకి ఒక్కసారే గట్టిగా తోమమంటే పడుకునే ముందు తోమమంటాను. పొద్దున్న ఎలాగూ మానరు కదా!

నా అభిప్రాయం ఒక్కటే. సాయంత్రం స్టడీ అవర్ ఎలాగో, రాత్రి పళ్ళు తోమడం కూడా హాస్టల్ నియమం కావాలి. ఇంట్లో నేర్పేవాళ్ళు లేక నేర్చుకోలేదు అనుకుందాం. వందమంది ఒకచోట ఉన్న హాస్టల్లో నేర్చుకోవడం తేలిక. ఒక్కడు తోమితే నవ్వుతారు, అందరూ తోమితే నవ్వేవాడు ఉండడు.

"పేస్టుకి డబ్బులెక్కడివి అన్నా?" అంటారు. బ్రష్ నిండా పరచక్కర్లేదు, బఠాణీ గింజంత చాలు. ప్రభుత్వం ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు ఇలాంటి వాటి కోసమే. పౌడరు, ఫెయిర్‌నెస్ క్రీము తర్వాత కొనుక్కోవచ్చు, ముందు బ్రష్షూ పేస్టూ కొనండి. పేస్టులో ఫ్లోరైడ్ ఉందో లేదో డబ్బా మీద చూడండి. ఫ్లోరైడ్ అంటే నల్గొండ గుర్తొచ్చి భయపడేవాళ్ళున్నారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. తాగేనీటిలో అది ఎక్కువై ఎముకలు వంగిపోవడాన్ని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించారు. కానీ అది ఏళ్ళ తరబడి కడుపులోకి వెళ్ళిన ఫ్లోరైడ్. తోమి ఉమ్మేసే పేస్టుది వేరే సంగతి, పంటిని గట్టిపరుస్తుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మెత్తటి బ్రష్ తీసుకోండి. రెండు నిమిషాలు, పైన, కింద, లోపలి వైపు, చివరి దవడ పళ్ళ వెనక కూడా తోమండి. గట్టిగా రుద్దితే తెల్లబడవు, అరుగుతాయి. ఇటుక పొడి, బొగ్గు చేసేది అదే. రాత్రి తోమాక నురగ ఉమ్మేయండి, నీళ్ళతో పదే పదే పుక్కిలించకండి. ఒకరి బ్రష్ ఇంకొకరు వాడొద్దు. మూడు నెలలకో, కుచ్చు చెదిరినప్పుడో మార్చండి. వేపపుల్ల చెడ్డది కాదు గాని, లోపలి వైపుకి అందదు, అందులో ఫ్లోరైడ్ ఉండదు.

2020 నుంచి బడి భోజనంలో వేరుశనగ చిక్కీ కూడా వచ్చింది. అది బలమైన తిండి, మానొద్దు. తిన్నాక నీళ్ళు పుక్కిలించండి, అంతే. గుట్కా, ఖైనీ జోలికి మాత్రం పోకండి. పళ్ళపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. తోముకోవడానికే పనికిరానిది నమలడానికి పనికొస్తుందా?

నల్ల చుక్క కనబడిన రోజే వార్డెన్ గారికి చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పళ్ళ పరీక్ష కూడా ఉంది. ఏలూరు దగ్గర దుగ్గిరాలలోనూ, భీమవరంలోనూ దంత వైద్య కళాశాలలున్నాయి. చిన్న గుంటకి సిమెంటు నింపితే పన్ను మిగులుతుంది. నొప్పి వచ్చేదాకా ఆగితే పన్నే పోతుంది. పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు మన బద్ధకమే చాలు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాలు, మెమెంటోలు తగ్గించి, పిల్లలకి తలా ఒక బ్రష్, ఒక పేస్టు తెద్దాం. నా వంతు నేను ఈ ఏడాదే తెస్తున్నాను.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో పిల్లలకి లెక్కలే చెబుతున్నాను. కానీ మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది ఇప్పటికీ గుర్తుంది. మీలో ఎవరూ అలా మాట్లాడకూడదు. ఈ రాత్రి భోజనం అయ్యాక, పక్క వేసుకునే ముందు, ఒక్కసారి కుళాయి దగ్గరికి వెళ్ళండి తమ్ముళ్ళూ.

— ఒక పూర్వ విద్యార్థి, తాడేపల్లిగూడెం