“ఎవరు?” అని అడిగితే చాలు

“మాకే ఇంగ్లీషు రాదు, పిల్లలకేం చెప్తం?” అని మన సిద్దిపేటలో చాలామంది తల్లులు అంటుంటారు. కానీ ఇంగ్లీషు పరీక్షల్లో పిల్లలు ఊరికే మార్కులు పోగొట్టుకునే చోటు ఒకటుంది. అక్కడ తెలుగు తెలిసిన అమ్మ కూడా సాయం చెయ్యగలదు. అదే సర్వనామం. హి, షి, ఇట్, దే, హిజ్, హర్... అన్నీ చిన్న మాటలే, చిక్కు మాత్రం పెద్దది.

బ్యాంకు ఉద్యోగాల కోసం ఐబీపీఎస్ పెట్టే పీఓ ప్రిలిమ్స్‌నే చూడండి. ఇంగ్లీషులో 30 ప్రశ్నలకు ఇచ్చేది 20 నిమిషాలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత కూడా ఉంటుంది. వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నలు వస్తే సర్వనామాల మీద కన్నేసి ఉంచాలి. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు ఒక్క మార్కులో ఉద్యోగం చేజారితే ఇంటిల్లిపాదికీ బాధే కదా! అమెరికా కాలేజీల కోసం రాసే శాట్‌లోనూ ఇవి అడుగుతారు.

మన పిల్లలు తడబడడానికి తెలివి తక్కువై కాదు, మన భాష తీరు వేరు. ఎక్కడెక్కడ తేడా వస్తుందో చూద్దాం.

తన: “సీత తన తమ్ముణ్ణి బడికి తీసుకపోయింది” అంటాం. తమ్ముడు మగపిల్లవాడు గదా అని పిల్లలు ‘హిజ్ బ్రదర్’ రాసేస్తారు. చూడాల్సింది తమ్ముణ్ణి కాదు, ఎవరి తమ్ముడు అన్నది. సీత తమ్ముడు గనుక ‘హర్ బ్రదర్’ అనాలి.

గారు: “మామగారు వచ్చారు, భోంచేశారు” అని గౌరవంగా చెప్తాం. అదే అలవాటులో ‘దే’ రాస్తే పరీక్షలో తప్పు. ఒక్క మనిషి కాబట్టి ‘హి’ రాయాలి. దానివల్ల మామగారి గౌరవమేం తగ్గదు లెండి!

వచ్చింది: అక్క వచ్చినా, బస్సు వచ్చినా మనకు “వచ్చింది” ఒక్కటే. ఇంగ్లీషులో అక్కకు ‘షి’, బస్సుకు ‘ఇట్’. పైగా “ఫోన్ కొన్నాను, పాడైంది” అంటే మనకు అర్థమైపోతుంది. ఇంగ్లీషులో రెండోచోట ‘ఇట్’ లేకపోతే వాక్యం నిలబడదు.

ఇద్దరు ఆడపిల్లలు: “రాధ లతకు ఫోన్ చేసి, పాసయ్యానని చెప్పింది” అంటే పాసైంది రాధ. “పాసయ్యావని చెప్పింది” అంటే లత. మన క్రియే ఆ సంగతి చెప్పేస్తుంది. ఇంగ్లీషులో రెండింటికీ ‘షి’ రాస్తే ఎవరు పాసయ్యారో తెలియదు. అక్కడ ‘షి’ తీసేసి, పాసైనవాళ్ల పేరే మళ్లీ రాయాలి.

ఈచ్: ‘ఈచ్ ఆఫ్ ది గర్ల్స్’ అంటే గుంపు కాదు, ఒక్కొక్క పిల్ల. పోటీ పరీక్షల్లో దాని వెనక ‘దెయిర్’ కాదు, ‘హర్’ పెట్టాలి. ‘ఎవ్రీవన్’ తర్వాత ‘దెయిర్’ అనడం ఇప్పుడు వాడుకలో ఉంది. ‘దే’ అనే మాటనే 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు ఆ ఏటి మాటగా ఎంచుకుంది. సొంతంగా రాసేటప్పుడు మాత్రం ‘ఆల్ స్టూడెంట్స్’ అని బహువచనంతో మొదలుపెడితే ‘దెయిర్’కు ఏ పేచీ ఉండదు.

ఇక ఇంట్లో చెయ్యాల్సింది. పప్పు ఉడికేలోగా పది నిమిషాలు పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంగ్లీషు పుస్తకంలోంచి ఒక పేరా చదవమనండి. హి, షి, ఇట్, దే వచ్చినప్పుడల్లా “ఎవరు? ఏది?” అని అడగండి. ఒక్క జవాబు వస్తే సరే. రెండు జవాబులు వస్తే అక్కడ పేరు రాయించండి. జవాబే రాకపోతే వాక్యంలో ఏదో లోపముందన్నమాట. ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ లాంటి వాటిని మాత్రం వదిలెయ్యండి, ఆ ‘ఇట్’ ఎవరిదీ కాదు.

తర్వాత తను రాసిన పేరాను కూడా అట్లాగే చదివించండి. కొన్నాళ్లకు మీరు అడగకముందే “ఎవరు?” అని పిల్లే తనను తాను అడుగుతుంది. పరీక్ష హాల్లో మీరు పక్కన లేకపోయినా, ఆ ప్రశ్న తోడుంటుంది.