పేరు లేని అంకె

గణితమున మన విద్యార్థులు చేయు తప్పులలో మిక్కిలి హానికరమైనది కూడిక తప్పు గాదు, కొలత పేరును విడుచుటయే యని నా యభిప్రాయము.

మన పెద్దకడుబూరునకు చేరువనున్న యెమ్మిగనూరు నేతకు ప్రసిద్ధి గన్నది. శ్రీ మాచాని సోమప్పగారు 1938లో అచ్చట చేనేత సహకార సంఘమును స్థాపించిరి. ఆ యూరి దుప్పటి యొకటి పొడవు 2 మీటర్లు, వెడల్పు 120 సెంటీమీటర్లు ఉన్నదనుకొందము. దాని నాలుగంచులకును పట్టీ కుట్టవలయును. బాలుడు 2ను 120ని కూడి, రెట్టించి, 244 అని వ్రాయును. ఏ కొలతలో నని యడిగిన మౌనము వహించును. సెంటీమీటర్లని తలచి కొన్నచో రెండవ యంచు సగమైనను కాకమునుపే పట్టీ ముగియును. మీటర్లని కొన్నచో ఇల్లంతయు చుట్టవచ్చును! పొడవును ముందుగా 200 సెంటీమీటర్లుగా మార్చిన, మొత్తము 320, రెట్టింపు 640. అనగా 6 మీటర్ల 40 సెంటీమీటర్లు.

"పద్ధతి తెలిసినది గదా, సగము మార్కులైన నీయరాదా?" యని తలిదండ్రులు కొందరందురు. పట్టీ చాలనివానికి సగము మార్కు లక్కరకు రావు. అమెరికావారు 1998లో అంగారకునికడకు పంపిన నౌక, ఒక పక్షమువారు పౌనులలోను, వేరొక పక్షమువారు మెట్రిక్ కొలతలలోను లెక్కించినందున 1999లో నశించెను. పండితులకే యిట్లయిన బాలుర మాట యేమి?

సామెతల గ్రంథము భేదించు కొలతలను నిందించుచున్నది. అచ్చట చెప్పినది మోసము, మనది యజాగ్రత్త. అయినను నష్టపోవువానికి రెండును సమానమే. కావున బాలబాలికలారా, ముందు కొలతల నేకము చేయుడు, పిమ్మట కూడుడు, తుదను కొలత పేరు వ్రాయుడు.