ఇంట్లో తెలుస్తుందన్న భయమే వాళ్ల పెట్టుబడి

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లకు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ అమ్మాయిలు వస్తారు. లేడీస్ హాస్టళ్లలో ఉంటూ కోర్సులు నేర్చుకుంటారు. అలాంటి అమ్మాయి ఫొటోను ఎవడో మార్ఫింగ్ చేసి డబ్బు కోసం బెదిరిస్తే, దగ్గర్లోని పోలీస్ స్టేషన్ కంటే ముందు ఆమెకు నాన్న గుర్తొస్తాడు. చదువు మాన్పించి ఊరికి తీసుకెళ్లిపోతారేమోనన్న భయం నోరు నొక్కేస్తుంది. అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా, ఆ భయం పోనంతకాలం ఈ నేరాలు తగ్గవు.

లోన్ యాప్‌ల వాళ్లకు ఇది బాగా తెలుసు. కరోనా కాలంలో వాళ్లు చిన్న అప్పులిస్తూ ఫోన్లో ఉన్న నంబర్లన్నీ లాగేసుకున్నారు. వాయిదా తప్పితే మార్ఫింగ్ ఫొటోలు బంధువులకు పంపుతామన్నారు, పంపారు కూడా. 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసే నాటికే తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఫొటో దొంగది కావచ్చు, చూసేవాళ్లు మాత్రం సొంతవాళ్లు. అసలు ఫొటోలే పెట్టకపోతే సరిపోతుంది కదా అని పెద్దలు అంటుంటారు. కానీ 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక మహిళ వీడియోకు అతికించిన వీడియో వైరల్ అయింది. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు గుంటూరు ప్రాంత యువకుణ్ణి పట్టుకున్నారు. ఫ్యాన్ పేజీకి ఫాలోయర్లను పెంచుకోవడానికే ఆ పని చేశాడని వాళ్లు చెప్పారు. ఇందులో ఆ ఇద్దరు మహిళల అజాగ్రత్త ఏముంది? మార్ఫింగ్‌కు ఒక్క ముఖం చాలు. అది రెజ్యూమేలోనూ ఉంటుంది, పెళ్లి సంబంధాల సైట్లోనూ ఉంటుంది.

2014 అక్టోబరులో నగరంలో మహిళల భద్రత కోసం మొదలైన పోలీసు బృందాలు షీ టీమ్స్ ఈ భయాన్ని గుర్తించాయి. స్టేషన్ మెట్లెక్కకుండా వాట్సాప్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. చట్టం మాత్రం అంత దూరం రాలేదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు. చాటుగా వీడియో తీయడం 77వ సెక్షన్‌లో, వెంటపడి వేధించడం 78లో ఉన్నాయి. ఆ బాధితులకు ఈ రక్షణ వర్తించదు. గోప్యత ఇస్తే తప్పుడు కేసులు పెరుగుతాయని కొందరి వాదన. పేరు దాచేది లోకం నుంచి గానీ కోర్టు నుంచీ, నిందితుడి లాయరు నుంచీ కాదు. అత్యాచారం కేసుల్లో ఏళ్లుగా జరుగుతున్నది ఇదే. అలాగని పూర్తి అజ్ఞాతం కూడా మందు కాదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేస్తే, అది ఎంతవరకు వచ్చిందో తర్వాత చూసుకునే వీలుండదు.

కన్నవాళ్లకు చెప్పకుండా దాచడమేమిటనే ప్రశ్న న్యాయమైనదే. పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది ఆమే తేల్చుకోవాలి. ముందు చెప్పేంత ధైర్యం ఇంట్లో ఆమెకు కలగాలి కదా. ఆ ధైర్యం లేక కంగారులో అకౌంట్ డిలీట్ చేస్తే లింకులు, స్క్రీన్‌షాట్లు పోతాయి, కేసు బలహీనపడుతుంది. మన ఎంపీలు 72వ సెక్షన్ పరిధిని ఈ నేరాలకూ విస్తరింపజేయాలని పార్లమెంటులో అడగాలి. కూతుళ్లను హాస్టళ్లకు పంపే తల్లిదండ్రులు, ఏం జరిగినా చదువు మాన్పించబోమని బయల్దేరే రోజే వాళ్లకు మాటివ్వాలి.