పిల్లవాడికి పూచీ ఎవరు?

మంత్రాలయంలో తుంగభద్ర మెట్లు కడుగుతూ పదహారేళ్ల బాలుడొకడు జారిపడి చేయి విరగ్గొట్టుకున్నాడనుకుందాం. జువెనైల్ జస్టిస్ బోర్డు ఉత్తర్వు మేరకే అతడా పనికి వచ్చాడు. వైద్యం ఖర్చు ఎవరు భరించాలి?

2015 నాటి బాలల న్యాయ చట్టం, సెక్షన్ 18 ప్రకారం, తప్పు చేసిన బాలుడిని ఒక సంస్థ లేదా వ్యక్తి పర్యవేక్షణలో సమాజ సేవ చేయమని బోర్డు ఆదేశించవచ్చు. పార్కుల సంరక్షణ, వృద్ధుల సేవ, ఆసుపత్రిలో సాయం వంటి పనులను 2016 నాటి నమూనా నియమాలు పేర్కొన్నాయి. నాలుగు గోడల మధ్య ఉంచడం కన్నా ఇది మేలైన మార్గం. మేము మనసారా సమర్థిస్తాము.

అయితే బాలుడు గాయపడితే బాధ్యత ఎవరిదో ఆ సెక్షన్‌లో ఒక్క మాట లేదు. ఉద్యోగికైతే చట్టం యజమాని చేత పరిహారం ఇప్పిస్తుంది. కూలి లేని ఈ బాలుడు ఉద్యోగే కాడని చేతులు దులుపుకోవడం ఎంత సులువు! ఇక మిగిలేది సివిల్ దావా. బండి మీద పండ్లమ్మే తండ్రి కోర్టుల చుట్టూ ఎన్నేళ్లు తిరగగలడు?

కాగితం మీద లేని బాధ్యతను ఏ కార్యాలయమూ తలకెత్తుకోదు. ప్రభుత్వ కొలువులో ఫైళ్లు మోసిన మాకు ఇది అనుభవమే. కనుక పని, గంటలు, పర్యవేక్షకుడు, ప్రమాదం జరిగితే వైద్యభారం ఎవరిదన్నదీ ఉత్తర్వులోనే రాయాలి. సేవకు పంపే ప్రతి బాలుడికీ ప్రభుత్వమే బీమా చేయించాలి.

తల్లిదండ్రులారా, బోర్డు ముందు ఈ ప్రశ్న అడగండి. మసీదు కమిటీల పెద్దలారా, పూచీకి జంకి తలుపులు మూయకండి. మనకు అప్పగించిన బిడ్డ అమానత్. అమానత్‌ను కాపాడడం మన బాధ్యత. అందుకు తగిన అండ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత.