ఓర్పు పనికిరాని వేళ



పిల్లల యుద్యోగముల నిమిత్తము జిల్లాలనుండి వచ్చి మన కొండాపూరులో కాపురమున్న పెద్దవారు పెక్కండ్రు గలరు. అట్టి యింట నొకరికి రక్తపరీక్షలో తెల్లకణములు మితిమీరినవని తేలి, వైద్యులు “దీర్ఘకాలిక ల్యుకీమియా, యాంటీబాడీ యెక్కింపవలయును” అనగనే యిల్లెల్లను దిగులుపడును. ఆ దినమున రోగి ప్రక్కన కూర్చుండునది తఱచుగ మనమే. రోగియు మనమే కావచ్చును. కావున నా చికిత్స యెట్లుండునో ముందుగ నెఱింగి యుండుట మేలు.

దీర్ఘకాలిక ల్యుకీమియాలలో ముఖ్యమైనవి రెండు. మైలాయిడ్ అను దానికి సాధారణముగ మాత్రలే మందు. యాంటీబాడీ యెక్కించునది లింఫోసైటిక్ అను రెండవదానికి. ఇది యెక్కువగ వయసు మీఱినవారికి వచ్చును. బాధలు లేనంతకాలము మందీయక, పరీక్షించుచు వేచియుండుటయు నీ వ్యాధికి వైద్యమే. “మందేల యీయరు?” అని కలతపడ నక్కఱలేదు.

యాంటీబాడీ యనగా శరీరము తన శత్రువులపై ప్రయోగించు నాయుధము. ఒకే గుఱి గల యాంటీబాడీలను ప్రయోగశాలలో కావలసినంత పుట్టించు మార్గమును 1975లో కోలర్, మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. 1984లో వారికి నోబెల్ బహుమానము లభించెను. ఆ మార్గమున పుట్టిన రిటుక్సిమాబ్, ‘బి’ కణములపైనుండు సీడీ20 అను గుర్తును పట్టుకొని వానిని నశింపజేయును. దీనికి సాటి మందును 2007లో మన హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ సంస్థవారు రెడిటక్స్ అను పేర వెలువరించిరి. ఒబినుటుజుమాబ్ అనునది తరువాత వచ్చిన మఱియొక మందు. వీనిని తఱచుగ నితర మందులతో గూర్చి యిత్తురు. వ్యాధి సమూలముగ పోవుననుట సాధారణముగ సాధ్యము గాదు. కాని యేండ్ల తరబడి యణగియుండవచ్చును.

ఎక్కించుటకు ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పక జరుగవలయును. నిద్రించుచున్న యా క్రిమి యీ మందువలన మేల్కొని కాలేయమును చెఱుపగలదు. మందెక్కునప్పుడు రక్తపుపోటు తగ్గవచ్చును గనుక, పోటుమాత్ర నాటి యుదయము వేసికొనవలయునో మానవలయునో వైద్యుని ముందే యడుగుడు.

మొదటి దినమున పూటంతయు, ఒక్కొక్కప్పుడు దినమంతయు పట్టును. ముందుగ పారాసెటమాల్, దురదను అణచు మందు, స్టెరాయిడ్ ఇత్తురు. పిదప నరములోనికి సెలైను వలె చుక్కచుక్కగ మందును విడుతురు. నర్సు మాటిమాటికి నాడిని, పోటును చూచుచు, అరగంట కొకసారి వేగము హెచ్చించును. ఒబినుటుజుమాబ్ మొదటి మోతాదును తఱచుగ రెండు దినములకు పంచి, 100 మిల్లీగ్రాములు నొకనాడు, 900 మఱునాడు ఎక్కింతురు. తరువాతి సారులు సులభము. సామాన్యముగ 28 దినముల కొక విడత చొప్పున నాఱు విడతలు.

మొదటిసారి, అరగంట మొదలు రెండు గంటలలోపల, చలి, వణకు, జ్వరము, దురద, ఆయాసము, తలతిరుగుట కలుగవచ్చును. పాలకడలిని చిలికినప్పుడు అమృతమునకు ముందు హాలాహలము పుట్టినట్లే, నశించు కణములు ఒక్కుమ్మడిగ విడుచు పదార్థముల వలన నీ యుపద్రవము పుట్టును. నర్సు మందును ఆపి, తగిన యుపశమన మిచ్చి, నెమ్మదిగ మరల మొదలిడును. చాలమందికి అంతటితో సర్దుకొనును.

ఇచ్చట నే చెప్పదలచిన ముఖ్యమైన మాట యొక్కటి. మనము పుట్టింటను మెట్టినింటను నేర్చినది ఓర్పు. “నర్సమ్మను మాటిమాటికి పిలిచిన నేమనుకొనునో, అబ్బాయి సెలవు పెట్టి వచ్చినాడు, త్వరగ ముగిసిన బాగుండును” అని పండ్లు బిగబట్టు తల్లులు మనలో కొల్లలు. ఆ కుర్చీలో నా గుణము పనికిరాదు. చిన్న వణకును వెంటనే చెప్పిన నది చిన్నదిగనే తీరును. గొంతు బిగియుట, రొమ్ము నొప్పి, ఊపిరి యాడకుండుట దాచిన ప్రాణాపాయమే కలుగవచ్చును. ప్రక్కనున్న కోడలో కూతురో “ఎట్లున్న దత్తయ్యా, అమ్మా?” అని యడిగి యూరకుండక, మొగము రంగును, చేతుల వణకును కనిపెట్టుచుండవలయును.

ఇంటికి వచ్చిన పిదపను జాగ్రత్త యవసరము. మంచి ‘బి’ కణములును నశించుటచే కొన్ని మాసములపాటు రోగనిరోధశక్తి తగ్గియుండును. జ్వరము 100.4 డిగ్రీలు చేరిన, రాత్రియని చూడక ఆసుపత్రికి ఫోను చేయుడు. ఇంటిమందు వేసి తెల్లవారుదాక చూడవలదు. కండ్లు పచ్చబడినను చెప్పుడు. టీకా లేవైనను వైద్యుని యడుగకుండ వేయింపరాదు. బ్రదికియున్న క్రిములతో చేయు టీకాలు అసలే కూడవు.

ఆసుపత్రి ఫోను సంఖ్యను, వాడుచున్న మందుల పేర్లను నొక కాగితముపై వ్రాసి వంటింటి తలుపునకు అంటింపుడు. బాధను సహించుట సుగుణమే. చెప్పవలసినవారికి చెప్పవలసినప్పుడు చెప్పుట అంతకు మించిన సుగుణము.